నెలకు 62 వేలు వస్తున్నా 8 లక్షల అప్పు ఎందుకు తగ్గడం లేదు? దారి చెప్పండి

మూసాపేట_మనిషి

ఇంట్లో అందరూ పడుకున్నాక రాస్తున్నాను. నాకు చేతికి 47,000 వస్తుంది. మా ఆవిడ ప్రైవేట్ స్కూల్లో టీచర్, తనకు 15,000. ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. అమ్మా నాన్నా నల్గొండ జిల్లాలో మా ఊళ్లోనే ఉంటారు. 2022లో చెల్లి పెళ్లి చేశాం. మరుసటి ఏడే నాన్నకు గుండె ఆపరేషన్ అయింది. రేషన్ కార్డు లేదు, కంపెనీ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులు లేరు, అంతా చేతి నుంచే పెట్టాం.

ఇప్పుడున్న అప్పులు ఇవీ.

ఊళ్లో తెలిసినాయన దగ్గర ప్రామిసరీ నోటు మీద 3,00,000. రెండు రూపాయల వడ్డీ, నెలకు 6,000.
బ్యాంకు పర్సనల్ లోన్ ఇంకా 2,50,000. ఈఎంఐ 8,600, ఇంకో 35 నెలలు.
అమ్మ గాజులు, గొలుసు 2022లో ఒక ప్రైవేట్ కంపెనీలో కుదువ పెట్టాను, 1,20,000. రూపాయిన్నర వడ్డీ, నెలకు 1,800.
క్రెడిట్ కార్డు 78,000. మినిమం డ్యూ 4,000 కడుతున్నాను.
మా బావ ఇచ్చిన చేబదులు 50,000. వడ్డీ లేదు.

నెల ఖర్చులు: అద్దె 13,000, కరెంటు, మెయింటెనెన్స్ 1,800, పిల్లల స్కూలు సగటున 5,500, కిరాణా 8,000, పాలు 2,400, కూరగాయలు, పండ్లు 3,500, చికెన్, మటన్ 2,500, నా బండి పెట్రోలు 1,800, మా ఆవిడ ఆటో 1,200, ఫోన్లు, ఇంటర్నెట్ 1,400, నాన్న మందులు 3,200, ఊరికి పంపేది 4,000.

సినిమాలు లేవు, బయట తిండి లేదు. అయినా మూడేళ్లుగా అసలు తగ్గడం లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

నైట్‌షిఫ్ట్_కుర్రాడు

అన్నా, పెట్రోలు 1,800 అంటే చాలా పొదుపు. నాకు 3,500 అవుతుంది. ఖర్చులో తప్పేమీ కనిపించట్లేదు నాకైతే.

లెక్కల_మాస్టారు

అన్నీ రాశారు గానీ కింద గీత గీసి కూడలేదు. నేను కూడాను. ఇంటి ఖర్చు 48,300. అప్పులకు కట్టేది 20,400. రెండూ కలిపితే 68,700. వచ్చేది 62,000. ప్రతి నెలా 6,700 తక్కువ పడుతోంది.

ఆ 6,700 ఎక్కడి నుంచి వస్తోంది? అది చెప్పండి ముందు.

మూసాపేట_మనిషి

కార్డు నుంచే మాస్టారూ. నెల మూడో వారానికి చేతిలో డబ్బు అయిపోతుంది. కిరాణా, పెట్రోలు కార్డు మీద గీకేస్తాను. ఏడాది కిందట ఆ కార్డు మీద బాకీ ఒక్క రూపాయి లేదు.

ఇంకో మాట కూడా రాయాలి. కార్డు సంగతి మా ఆవిడకు తెలియదు. మిగతావన్నీ తెలుసు.

లెక్కల_మాస్టారు

చెప్పినందుకు సంతోషం. ఇప్పుడు కార్డు లెక్క చూడండి. ఎక్కువ కార్డులకు నెలకు 3.5 శాతం దాకా వడ్డీ ఉంటుంది, మన భాషలో మూడున్నర రూపాయల వడ్డీ. 78,000 మీద 2,730. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అది 491. మొత్తం 3,221. మీరు కట్టే 4,000లో బాకీ తగ్గేది 779 రూపాయలే. అదే నెలలో మళ్లీ 6,700 గీకుతున్నారు. పాత బాకీ మిగిలి ఉన్నప్పుడు కొత్తగా కొన్నదానికి వడ్డీ లేని గడువు కూడా ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

ఊరి నోటు పెద్దగా కనిపిస్తోంది గానీ అది ఉన్నచోటే ఉంది. నెలనెలా పెరుగుతున్నది కార్డు ఒక్కటే.

సరూర్‌నగర్_అక్క

తమ్ముడూ, లెక్కలు మాస్టారు చూసుకుంటారు. నేను ఇంకో సంగతి చెప్పాలి.

2021లో మా ఆయన ఫోన్లో దొరికే లోన్ యాప్‌లలో మూడింటి దగ్గర అప్పు చేశారు. నాకు చెప్పలేదు. బాధ పడతానని చెప్పలేదట. ఒకరోజు మధ్యాహ్నం నేను పనిచేసే చోటికి ఫోన్ వచ్చింది. మా ఆయన పేరు, నా పేరు, మా అత్తగారి ఊరు అన్నీ చదివి, రాయలేని మాటలు అన్నారు. పక్కన నలుగురు ఉన్నారు. అప్పు ఎంత అని కూడా నాకు తెలియదు అప్పటికి. 64,000. అంత పెద్ద మొత్తం కూడా కాదు, ఇద్దరం కూర్చుంటే ఏడాదిలో తీర్చాం. కానీ ఆ రోజు నా వెన్ను విరిగినట్టయింది. డబ్బు గురించి కాదు, నన్ను పక్కన పెట్టారే అని.

ఆవిడకి ఈ వారమే చెప్పు. పిల్లలు పడుకున్నాక, ఫోన్లు పక్కన పెట్టి, కాగితం మీద అంకెలు రాసుకుని చెప్పు. సగం చెప్పి సగం దాచకు. రెండోసారి తెలిస్తే ఇంకా కష్టం.

ఉప్పల్_గుమాస్తా

అక్కా, అలాంటి ఫోన్లు ఎవరికైనా వస్తుంటే ఇది గుర్తు పెట్టుకోవాలి. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. చుట్టాలకు, ఆఫీసుకు ఫోన్ చేసి పరువు తీయడం కూడా కుదరదు. బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

సరూర్‌నగర్_అక్క

అప్పుడు తెలియదు బాబూ. భయంతో నంబరే మార్చేశాం.

బోడుప్పల్_బాబాయ్

ఊళ్లో పొలమో స్థలమో ఏమైనా ఉందా? ఉంటే అమ్మేసి తీర్చేయి. నేను 2019లో అదే చేశాను. బీబీనగర్ దగ్గర 150 గజాల ప్లాటు ఉండేది, అమ్మేసి రెండు అప్పులు ఒకే రోజు తీర్చా. ఇప్పుడు ఆ రేటు చూస్తే గుండె చివుక్కుమంటుంది, నిజమే. కానీ రాత్రి నిద్ర పట్టింది.

మూసాపేట_మనిషి

ఊళ్లో 100 గజాల స్థలం ఉంది బాబాయ్. నాన్న పేరు మీద. నాన్న దానిమీద ఇల్లు కడదామని పునాది రాళ్లు కూడా తోలించి పెట్టుకున్నారు. ఆపరేషన్ అయిన మనిషిని ఎలా అడగను?

బోడుప్పల్_బాబాయ్

అడగడానికి కష్టంగానే ఉంటుంది. కానీ ఒకటి ఆలోచించు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 24. నీ స్థలం ఏటా 24 శాతం పెరుగుతోందా? పెరగకపోతే ఆ స్థలాన్ని వడ్డీ రోజూ కొంచెం కొరుక్కు తింటున్నట్టే.

నైట్‌షిఫ్ట్_కుర్రాడు

బాబాయ్ చెప్పింది లెక్కకు సరే గానీ అవసరంలో అమ్మితే సగం ధరకే అడుగుతారు. పల్లెటూరి స్థలానికి కొనేవాడు దొరకడానికే ఆరు నెలలు పడుతుంది.

గాజుల_గలగల

మీ ఆవిడ దగ్గర బంగారం ఏమైనా ఉంటే అది పెట్టి ఊరి అప్పు తీర్చేయండి. బ్యాంకులో గోల్డ్ లోన్ వడ్డీ రూపాయిలోపే. మా ఇంట్లో అలాగే చేశాం.

సరూర్‌నగర్_అక్క

ఆమెకు కార్డు సంగతే చెప్పలేదు, అప్పుడే ఆమె బంగారం దగ్గరికి వెళ్లారా? అది పుట్టింటివారు పెట్టింది. ఇస్తానని ఆమె నోటితో అనాలి. మనం ఇక్కడ కూర్చుని తేల్చేది కాదు.

గాజుల_గలగల

అడగమనే అన్నాను అక్కా, లాక్కోమనలేదు. మా ఇంట్లో కూడా నేనే తీసి ఇచ్చాను, మా అత్తగారి అప్పు కోసం. రెండేళ్ల తర్వాత విడిపించి, నా చేతికి ఇచ్చేటప్పుడు ఆవిడ ఏడ్చింది. అడిగితే తప్పు కాదు, దాచితేనే తప్పు.

కౌంటర్_నంబర్_4

బ్యాంకులో పనిచేస్తాను, గోల్డ్ లోన్ కౌంటర్‌లోనే ఎక్కువ కూర్చుంటాను. ఇంతమంది రాశారు, ఒకటి ఎవరూ పట్టించుకోలేదు.

మీ అమ్మగారి బంగారం 2022లో కుదువ పెట్టారు కదా. అప్పటితో పోలిస్తే ఇప్పుడు గ్రాము రేటు రెట్టింపు దాటింది. అప్పుడు ఆ గాజులకు 1,20,000 ఇచ్చారంటే, ఇప్పుడు అదే బంగారానికి 2,50,000 పైనే వస్తుంది. మీ ఆవిడ బంగారం ముట్టుకోవలసిన పనే లేదు. పైగా మీరు రూపాయిన్నర కడుతున్నారు. బ్యాంకులో దాదాపు ముప్పావలా పడుతుంది, ఏడాదికి 9 శాతం. బ్యాంకును బట్టి కాస్త అటూ ఇటూ.

2,60,000 వచ్చిందనుకుందాం. అందులో 1,20,000 పాత కంపెనీకి పోతుంది. 1,40,000 మిగులుతుంది. కార్డు 78,000 పూర్తిగా కట్టేయండి. మిగతా 62,000 ఊరి నోటుకు అసలు కింద జమ చేయండి.

కొత్త గోల్డ్ లోన్ వడ్డీ నెలకు 1,950. పాతదాని కంటే 150 ఎక్కువ, అంతే. కార్డు 4,000 ఆగిపోతుంది. నోటు వడ్డీ 6,000 నుంచి 4,760కి దిగుతుంది.

లెక్కల_మాస్టారు

లెక్క సరిచూశాను. నెలకు 5,090 తగ్గుతుంది. 6,700 లోటు 1,610కి వస్తుంది. ఇది నాకు తట్టలేదు, బాగా చెప్పారు.

మూసాపేట_మనిషి

నాలుగుసార్లు చదివాను. బంగారం రేటు పెరిగిందని వార్తల్లో రోజూ చూస్తున్నా, మనది కుదువలో ఉంది కదా అని దాని గురించే ఆలోచించలేదు.

కౌంటర్_నంబర్_4

చాలామంది అంతే. రెండు జాగ్రత్తలు చెప్పాలి. పాత కంపెనీ వాళ్లు డబ్బు మొత్తం కడితేనే బంగారం ఇస్తారు. కాబట్టి ఒక పూట కోసం 1,20,000 ఎవరి దగ్గరైనా సర్దుకోవాలి. పొద్దున విడిపించి, నేరుగా బ్యాంకుకు తెస్తే బంగారం విలువ కట్టే అప్రైజర్ గీటురాయి మీద చూసి తూకం వేస్తాడు, ఎక్కువ చోట్ల అదే రోజు డబ్బు ఖాతాలో పడుతుంది. ఇంట్లో ఒక రాత్రి కూడా ఉంచకండి.

రెండోది, ఈ లోన్లు చాలావరకు ఏడాది గడువుకే ఇస్తారు. నెలనెలా వడ్డీ కడుతూ పోండి. వడ్డీ కూడా ఏడాది చివర చూద్దాంలే అనుకుంటే గుది బండ అవుతుంది.

ఒకసారి_కాలినవాడు

నేను వద్దంటాను. కోపం తెచ్చుకోవద్దు, ఎందుకో వినండి.

ఇదే పని నేను చేశాను. బంగారం మీద ఎక్కువ తెచ్చి కార్డు కట్టేశా. బాకీ సున్నా అయింది. ఎంత హాయిగా ఉందో. మూడు నెలలకు ఫ్రిజ్ పాడైంది, కార్డు తీశా. తర్వాత పాప పుట్టినరోజు. తర్వాత మామగారి షష్టిపూర్తి. ఏడాది తిరిగేసరికి కార్డు మీద 90,000, బంగారం మీద పెద్ద అప్పు, రెండూ ఉన్నాయి. చివరికి బంగారం విడిపించలేక అమ్మేశాం. మా ఆవిడ చంద్రహారం అది.

అప్పు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారితే తీరినట్టు కాదు. నెలకు 6,700 లోటు పూడ్చకుండా ఏం చేసినా ఇదే జరుగుతుంది.

కౌంటర్_నంబర్_4

మీరు చెప్పింది పూర్తిగా నిజం. అందుకే కార్డు కట్టిన రోజే క్లోజ్ చేయమని రాసివ్వాలి. కత్తిరించి ఇంట్లో పెడితే చాలదు, నంబరు ఫోన్లో ఉంటుంది. బాకీ లేదని బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఉప్పల్_గుమాస్తా

@ఒకసారి_కాలినవాడు అన్నా, మీ పోస్టు మా ఇంట్లో చదివి వినిపించాను. మాకూ ఒక కార్డు ఉంది.

చీటీ_పాట

ఎవరూ చీటీ గురించి మాట్లాడలేదే? నేను రిజిస్టరైన కంపెనీలో 2 లక్షల చీటీ వేశాను, నెలకు 10,000, 20 నెలలు. ఆరో నెలలో 46,000కు పాడుకుని 1,54,000 తెచ్చుకున్నా. ఆ డబ్బుతో మూడు రూపాయల వడ్డీ అప్పు ఒకటి తీర్చేశా. మధ్యలో వచ్చిన డివిడెండ్లతో, అంటే పాడినవాళ్లు వదులుకున్న డబ్బులో మన వాటాతో, నెల కిస్తీ కూడా తగ్గుతుంది.

బోడుప్పల్_బాబాయ్

చీటీ అంటేనే నాకు వణుకు. మా పాత అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ పదేళ్లు నిక్కచ్చిగా నడిపింది. ప్రతి నెలా 5న పాట, అందరికీ టీ. నేను 18వ నెల దాకా పాడలేదు, చివర్లో ఎక్కువ వస్తుందని. ఒక సోమవారం పొద్దున తాళం వేసి ఉంది. ఒక కాగితం లేదు, రసీదు లేదు. ఎవరి మీద కేసు పెట్టాలి? 30 మందిమి పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఒకరి మొహాలు ఒకరం చూసుకుని వచ్చాం.

చీటీ_పాట

బాబాయ్, అది ఇంటి చీటీ. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ప్రతి చీటీ గ్రూపునూ రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయాలి, ఒప్పంద పత్రం ఉంటుంది, నిర్వాహకుల కమీషన్ 7 శాతం దాటకూడదు. ఆ కాగితం చూడకుండా ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకూడదు.

లెక్కల_మాస్టారు

అది కూడా ఒప్పుకుంటాను, కానీ మూసాపేట ఆయనకు ఇప్పుడు చీటీ వద్దు. నెలకు 6,700 తక్కువ పడుతున్నచోట 10,000 కిస్తీ ఎక్కడి నుంచి తెస్తారు? లోటు పూడాక చూసుకోవచ్చు.

కొత్తగా_చేరా

ఊరి నోటు రాసి ఎన్నాళ్లయింది? మూడేళ్లు దాటితే నోటు చెల్లదు. కాలం చెల్లిపోయిందని వదిలేయొచ్చు, కోర్టులో నిలబడదు. 3 లక్షలు మిగులుతాయి కదా.

మూసాపేట_మనిషి

2023లో రాశాం. మూడేళ్లు కావస్తోంది. కానీ అలా ఎలా వదిలేస్తాను? నాన్నను ఆస్పత్రిలో పెట్టిన రాత్రి ఫోన్ చేస్తే, ఆయన తెల్లవారుజామున కారులో డబ్బు తెచ్చి ఇచ్చాడు. నోటు కూడా వారం తర్వాత నేనే గుర్తు చేసి రాసిచ్చాను. వడ్డీ ఎక్కువే, నాకు కోపం వస్తుంది అప్పుడప్పుడు. కానీ ఆ రాత్రి ఏ బ్యాంకూ తలుపు తీయలేదు.

సరూర్‌నగర్_అక్క

నీ మాట చదివి కళ్లు చెమర్చాయి తమ్ముడూ. మనిషి ఇలాగే ఉండాలి.

కొత్తగా_చేరా

సరే, నాకు వెనక కథ తెలియదు. చట్టం సంగతి చెప్పాను, తప్పుగా అనుకోవద్దు.

ఉప్పల్_గుమాస్తా

వదిలేయక్కర్లేదు, కానీ కాగితం జాగ్రత్త. 62,000 కట్టిన రోజు ఆ నోటు వెనకే తేదీ వేసి, ఇంత అసలు కింద ముట్టింది అని రాయించాలి. దాన్ని చెల్లు రాయడం అంటారు. నువ్వూ సంతకం పెడితే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్ల గడువు మొదలవుతుంది, అది ఆయనకు భరోసా. ఫొటో తీసుకోవడం నీకు భరోసా. డబ్బు చేతికి కాకుండా బ్యాంకు ఖాతాకే వేయి. మొత్తం తీరిన రోజు అసలు నోటు వెనక్కి తీసుకోవడం మరిచిపోవద్దు. మా పెదనాన్న తీర్చేసి నోటు తీసుకోలేదు. ఆయన పోయాక అవతలివాళ్ల కొడుకులు ఆ నోటు పట్టుకుని వచ్చారు.

బోడుప్పల్_బాబాయ్

ఇంకోటి. 62,000 ఒకేసారి చేతిలో పెట్టేటప్పుడు వడ్డీ తగ్గించమని అడుగు. "అసలు తగ్గిస్తున్నాం, మీరూ అర్ధరూపాయి తగ్గించండి" అను. ఎక్కువమంది ఒప్పుకుంటారు. అసలు తిరిగొస్తుందనే నమ్మకం వడ్డీ కంటే వాళ్లకు ముఖ్యం. మీ నాన్నను కూడా పక్కన కూర్చోబెట్టుకుని అడుగు, పెద్దమనుషుల మధ్య మాటకు విలువ ఉంటుంది.

మందుల_చీటీ

ఫార్మసీలో పనిచేస్తాను. నాన్నగారి మందులు నెలకు 3,200 అంటే అన్నీ కంపెనీ బ్రాండ్లే అయి ఉంటాయి. జన ఔషధి దుకాణాలు హైదరాబాద్‌లో చాలా చోట్ల ఉన్నాయి. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మందులు అక్కడ చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. అయితే గుండె ఆపరేషన్ అయిన మనిషి కాబట్టి మీకు మీరే మార్చకండి. డాక్టర్ దగ్గరికి చీటీ తీసుకెళ్లి మందు అసలు పేరు (జెనరిక్ పేరు) రాయించుకోండి. రక్తం పలచబడే మందు విషయంలో ఆయన ఏది చెబితే అదే.

నైట్‌షిఫ్ట్_కుర్రాడు

అక్క ఆటో 1,200 ఎందుకు? 2023 డిసెంబర్ 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా. తెలంగాణ అడ్రస్‌తో ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. దానికి రేషన్ కార్డు కూడా అక్కర్లేదు.

మూసాపేట_మనిషి

స్కూలు టైముకు బస్సులు కిక్కిరిసి వస్తాయని ఆటో ఎక్కుతోంది. అడుగుతాను.

సరూర్‌నగర్_అక్క

ఆమె రోజంతా నిలబడి పాఠం చెప్పి వస్తుంది. పొద్దున ఆటో మానేయమని మొదట ఆమెకే చెప్పొద్దు. నీ ఖర్చులో ఒకటి తగ్గించి చూపించు, తర్వాత ఆమె తనంతట తానే అంటుంది.

గాజుల_గలగల

కూరగాయలకు ఎర్రగడ్డ రైతుబజార్‌కి వెళ్లండి, మీకు దగ్గరే. ధరల బోర్డు పెడతారు, బేరం గొడవ ఉండదు. మేం వారానికి ఒకసారి వెళ్తాం. మా వీధి బండి దగ్గర కంటే వారానికి 200 పైన మిగులుతుంది. కిరాణాకు మాత్రం మూడు ఇళ్లవాళ్లం కలిసి రెండు నెలలకోసారి బేగంబజార్ వెళ్తాం. కందిపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, చింతపండు, సబ్బులు. ఒక్కరే వెళ్తే బండి పెట్రోలుకే సరిపోతుంది, ముగ్గురు కలిస్తేనే లాభం.

నైట్‌షిఫ్ట్_కుర్రాడు

మా అమ్మతో బేగంబజార్ వెళ్తే పొద్దున పోయి రాత్రికి వస్తాం. ఎండుమిర్చి నాలుగు కొట్లలో వాసన చూస్తుంది.

గాజుల_గలగల

మీ అమ్మగారు కరెక్ట్. గుంటూరు మిర్చి పేరు చెప్పి అందరూ అన్నీ ఇస్తారు.

ఉప్పల్_గుమాస్తా

నెల లెక్కలో రాయని ఖర్చు ఒకటుంది. శ్రావణంలో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు. నేను గత ఏడాది డైరీలో రాసుకున్నాను. చదివింపులు, చీరలు, ప్రయాణాలు కలిపి ఏడాదికి 31,000. నెలకు 2,600 అన్నమాట. ఆయన లిస్టులో ఇది లేదు.

మూసాపేట_మనిషి

నిజమే. గత నెలలోనే మూడు ఫంక్షన్లు. అవన్నీ కార్డు మీదే వెళ్లాయి.

బోడుప్పల్_బాబాయ్

మా అన్నదమ్ములం నలుగురం ఒక మాట అనుకున్నాం. చుట్టాల పెళ్లికి నలుగురం కలిసి ఒకటే కవరు. మొదట్లో ఆడవాళ్లకు నామోషీ అనిపించింది. ఇప్పుడు మిగతావాళ్లు కూడా అలాగే చేస్తున్నారు.

ఒకసారి_కాలినవాడు

ఇంకో చిన్న మాట చెప్పి ఆపుతాను. అప్పు తీర్చే హడావుడిలో చేతిలో ఏమీ లేకుండా చేసుకోవద్దు. ఒక 10,000 వేరే ఖాతాలో ఉంచాలి. మా ఫ్రిజ్ పాడైనప్పుడు ఆ పదివేలు ఉంటే కార్డు తీసేవాణ్ణి కాదు.

కొత్తగా_చేరా

24 శాతం వడ్డీ కడుతూ 10,000 ఊరికే ఉంచడం నష్టం కదా?

ఒకసారి_కాలినవాడు

నెలకు 200 నష్టం. నాకు దాని ఖరీదు చంద్రహారం అయింది.

లెక్కల_మాస్టారు

మూసాపేట ఆయన నెల పైగా కనిపించలేదు. బాగానే ఉన్నారా?

మూసాపేట_మనిషి

ఉన్నాను మాస్టారూ. దసరా అయ్యాక రాద్దామని ఆగాను. చాలా జరిగింది, వరుసగా రాస్తాను.

ఆ ఆదివారం రాత్రే మా ఆవిడకు చెప్పాను. అక్క చెప్పినట్టు కాగితం మీద రాసుకుని. కార్డు స్టేట్‌మెంట్లు పన్నెండూ ముందు పెట్టాను. ఏమీ అనలేదు. ఒక్కొక్కటీ చూసింది, లేచి వెళ్లి పడుకుంది. నాకు తెల్లవార్లూ నిద్ర లేదు. పొద్దున టీ ఇస్తూ, "నాదీ ఒకటి రాయండి" అంది. జూన్‌లో పిల్లల పుస్తకాలకు, యూనిఫాంలకు సరిపోక తన స్కూల్లో తోటి టీచర్ దగ్గర 15,000 తీసుకుందట. నేను టెన్షన్ పడతానని చెప్పలేదట. స్టాఫ్ రూంలో ఆ టీచర్ పక్కన కూర్చోవడానికే ఇబ్బంది పడుతోందట నాలుగు నెలలుగా. ఇద్దరం ఒకే ఇంట్లో ఒకే భయంతో ఉన్నాం, ఒకరికి తెలియకుండా ఒకరం.

అమ్మను అడిగితే "నా గాజులు ఎటూ నీ దగ్గరే ఉన్నాయిగా, ఎక్కడ పెడితే ఏంటి" అంది. ఒక పూటకు 1,20,000 బావే సర్దాడు. తన 50,000 ఇంకా ఇవ్వలేదని ఫోన్ చేయడానికి ఎంత సిగ్గుపడ్డానో. ఆఫీసుకు సెలవు పెట్టి నాతో వచ్చాడు. పొద్దున విడిపించాం, మధ్యాహ్నానికి బ్యాంకులో 2,60,000 వచ్చింది, సాయంత్రం బావ డబ్బు బావకు వేశాను. కార్డు మొత్తం కట్టి క్లోజ్ చేయమని రాసిచ్చాను, మెయిల్ వచ్చింది.

ఊరి ఆయన దగ్గరికి నాన్నతో వెళ్లాను. 62,000 ఖాతాకు వేసి, నోటు వెనక చెల్లు రాయించాను. బాబాయ్ చెప్పినట్టు అడిగితే, నాన్న ముఖం చూసి రూపాయిన్నర చాలన్నాడు. 2,38,000 మీద ఇప్పుడు 3,570.

లెక్కల_మాస్టారు

అంటే లోటు 420కి వచ్చింది. చాలా పెద్ద మార్పు ఇది.

మూసాపేట_మనిషి

లోటు పోయింది మాస్టారూ. నాన్న మందులు డాక్టర్‌ను అడిగి ఒకటి తప్ప అన్నీ జన ఔషధిలో తీసుకున్నాం, 1,250 అయింది. నేను మటన్ మానేసి రైతుబజార్ మొదలుపెట్టాక, మా ఆవిడ "రేపటి నుంచి బస్సులో వెళ్తా, ఒక పావుగంట ముందు లేస్తే చాలు" అంది. అక్క చెప్పినట్టే. కూరగాయలు, మాంసం మీద 900, కిరాణా మీద 1,100, ఫోన్ల మీద 300 తగ్గాయి. నెలాఖరుకు 5,030 మిగిలింది. మూడేళ్ల తర్వాత మొదటిసారి. దసరా బోనస్ 12,000 వచ్చింది, దాన్ని వేరే ఖాతాలో ఉంచాం, ఫంక్షన్లు కూడా అందులోంచే.

స్థలం సంగతి నేను అడగలేదు. నోటు వెనక చెల్లు రాస్తున్నప్పుడు అంకె చూసి నాన్నే అన్నారు, "వచ్చే ఉగాదికి సగం తీరకపోతే స్థలం అమ్మేద్దాం రా, రాళ్లు ఎక్కడికి పోతాయి" అని. నేను తీరుస్తానని చెప్పాను.

ఒకసారి_కాలినవాడు

కార్డు క్లోజ్ అయిందన్న మాట చదివి చాలా సంతోషం వేసింది.

సరూర్‌నగర్_అక్క

మిగిలిన 5,030 ఎవరికి కట్టారు? నోటుకా?

మూసాపేట_మనిషి

మాస్టారు లెక్క ప్రకారం నోటుకే కట్టాలి అక్కా, వడ్డీ ఎక్కువ ఉన్నది దానికే. కానీ మేం టీచర్ గారి 15,000లో 5,000 ఇచ్చాం. ఇంకో రెండు నెలల్లో అది అయిపోతుంది, తర్వాత నోటు.

లెక్కల_మాస్టారు

అదే సరైనది. నేనైనా అదే చేసేవాణ్ణి.

మూసాపేట_మనిషి

నిన్న స్టాఫ్ రూంలో ఇద్దరూ కలిసి బాక్సులు తెరిచి తిన్నారట. ఇంటికి రాగానే మొదట చెప్పిన మాట అదే.